ఆకు మీద కనిపించని జన్యువులు

తుంగభద్ర ఎడమ కాలువ పారకముందు సింధనూరు చుట్టుపక్కలంతా జొన్నలూ పత్తీ పండే నల్లరేగడి మెట్ట. 1950ల్లో ఆనకట్ట పూర్తయి నీళ్ళు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి తెలుగు రైతులు వచ్చి భూములు కొన్నారు, పొలాల పక్కనే ఊళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి కూడా కాలక్రమంలో ఈ ఆయకట్టుకు చేరి స్థిరపడింది. రైతు నోట అది బీపీటీ, విత్తన పుస్తకాల్లో సాంబ మసూరి, మిల్లు దాటి బెంగళూరుకు వెళ్ళే సంచి మీద చాలాసార్లు సోనా మసూరి. గింజ సన్నం, అన్నం పొడిపొడిగా ఉంటుంది, దిగుబడి బాగుంటుంది, ధర పలుకుతుంది. దాని బలహీనత తెగుళ్ళ దగ్గర, ముఖ్యంగా బ్యాక్టీరియా ఎండాకు తెగులు దగ్గర. ఆకు కొసన మొదలై అంచుల వెంట అలలు తీరినట్టు పసుపు తిరిగి, ఆ పసుపు గడ్డిరంగుగా మారి, ఆకు ఎండిపోతుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద లేత పసుపు జిగురు బిందువులు నిలిచి ఉంటాయి. తెగులు పట్టిన ఆకును కోసి గాజు గ్లాసులో నీళ్ళు పోసి నిలబెడితే, కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నని ధార జారుతుంది. ఆ ధార అంతా శాంథోమోనాస్ ఒరైజే అనే బ్యాక్టీరియా. యూరియా ఎక్కువైన చేలో, గాలివాన తర్వాత ఇది మరీ రెచ్చిపోతుంది. ఒకసారి పట్టాక మందు కొట్టి నయం చేయడం దాదాపు అయ్యే పని కాదు. తట్టుకునే విత్తనం ఒక్కటే నికరమైన దారి.

ఆ విత్తనం 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో విడుదలైంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలకాలయంలో ఆర్.ఎం. సుందరం, ఆయన సహచరులు కలిసి దాన్ని రూపొందించారు. పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తయారైన ఎస్ఎస్ 1113 అనే వరుస నుంచి మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చారు. వాటి పేర్లు ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. ఈ విజయాన్ని సాధారణంగా జన్యువుల కథగానే చెబుతారు. నాకు ఆ చెప్పే తీరు అసంపూర్ణంగా తోస్తుంది. జన్యువులు అప్పటికే ఉన్నాయి. ఎక్స్ఏ21 ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరి నుంచి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ద్వారా సాగు వరిలోకి వచ్చింది. మిగతా రెండూ పాత వరి రకాల్లో దొరికినవే. ఒక రకాన్ని మరో రకంతో కలిపి, పుట్టినదాన్ని మళ్ళీ మళ్ళీ తల్లి రకంతోనే కలిపే పద్ధతీ పాతదే. కొత్త రకాలను రూపొందించే ప్రజననకర్తకు కొత్తగా చేతికందింది చూపు. వందల మొక్కల్లో ఏ మొక్క లోపల ఏ జన్యువుందో, తెగులు రాకముందే, మొక్క నారుగా ఉండగానే కనిపెట్టే చూపు. ఆ చూపును రోజువారీ పనిగా మార్చినవి ప్రతిదీప్తి రంగులు, అంటే ఒక కాంతిని మింగి మరో రంగు కాంతిని వెదజల్లే రసాయనాలు. జీవాణువులకు అతుక్కుని, అవి ఎక్కడున్నాయో వెలిగి చెప్పడం వాటి పని. ఇంత ఘనత ఒక రంగుకు ఇవ్వవచ్చా అనే అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు చేలోనే మొదలవుతుంది.

తెగులును తట్టుకునే మొక్కను చూసి ఏరుకుంటే సరిపోదా? ప్రజననకర్తలు తరతరాలుగా చేసింది అదే. కత్తెరను బ్యాక్టీరియా కలిపిన నీళ్ళలో ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు. రెండు వారాల తర్వాత ఎండిన మేర ఎన్ని సెంటీమీటర్లు దిగిందో కొలుస్తారు. ఇది నమ్మదగ్గ పరీక్ష, ఇప్పటికీ దీనికి సాటి లేదు. చిక్కంతా ఈ మూడు జన్యువుల స్వభావంలో ఉంది. ఎక్స్ఏ21 ఒక్క ప్రతి ఉన్నా పనిచేస్తుంది. ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అలా కావు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చేరితేనే వాటి ప్రభావం బయటపడుతుంది. సాంబ మసూరితో తిరిగి కలిపిన ప్రతిసారీ పుట్టే మొక్కల్లో ఏ నిరోధక జన్యువుకైనా ఒక్క ప్రతే ఉంటుంది, ఎందుకంటే రెండో ప్రతి ఎప్పుడూ సాంబ మసూరిదే. అంటే ఎక్స్ఏ13 ఉన్న మొక్కకూ లేని మొక్కకూ ఆకు మీద తేడా ఉండదు. మూడూ ఉన్న మొక్కలు సగటున ఎనిమిదింట ఒకటి. కత్తెర పరీక్ష ఎక్స్ఏ21 ఉన్న సగం మొక్కలను చూపిస్తుంది, ఆ సగంలో మిగతా రెండూ ఉన్న నాలుగో వంతును చూపించలేదు. చివరికి స్వపరాగ సంపర్కం జరిపినప్పుడు మూడు జన్యువులకూ రెండేసి ప్రతులు కుదిరే మొక్క 64లో ఒకటి. అప్పుడూ అదే ఇబ్బంది. ఎక్స్ఏ21 ఒక్కటున్నా ఆకు పచ్చగానే నిలుస్తుంది కనుక, దాని వెనక మిగతా రెండూ ఉన్నాయో లేదో ఆకు చెప్పదు. బలమైన జన్యువు బలహీనమైన వాటిని కప్పేస్తుంది. పైగా తల్లి రకం గుణాలు చెడకూడదు. ఒకసారి తిరిగి కలిపితే సగటున 75 శాతం, నాలుగుసార్లు కలిపితే దాదాపు 97 శాతం సాంబ మసూరి వారసత్వం తిరిగొస్తుంది. ఆ మిగిలిన కొద్ది శాతంలోనే గింజ లావయ్యే గుణమో, అన్నం మెత్తబడే గుణమో దాగి ఉండవచ్చు. దాన్నీ కంటితో పట్టుకోలేం. ఐదు నెలల పంట ఇది. ప్రతి మెట్టులోనూ మొక్కను స్వపరాగ సంపర్కానికి వదిలి, దాని పిల్లల మీద తెగులు పరీక్ష చేసి వెనక్కి లెక్కకట్టుకుంటూ పోతే సంవత్సరాలు కరిగిపోతాయి, ఏ మొక్కలో ఎన్ని జన్యువులున్నాయన్న అనుమానం మాత్రం చివరిదాకా వెంటాడుతుంది.

ప్రయోగశాలలో ఇదే ప్రశ్న ఒక పూటలో తేలుతుంది. నారు మొక్క నుంచి గోరంత ఆకు ముక్క తుంచి, నలిపి, డీఎన్‌ఏను వేరుచేస్తారు. మొక్క చేలోనే ఉంటుంది, దానికేమీ కాదు. పీసీఆర్ యంత్రంలో, కావలసిన జన్యువు దగ్గరి భాగాన్ని మాత్రమే కోట్ల ప్రతులుగా పెంచుతారు. ఎక్స్ఏ21 కోసం వాడే పీటీఏ248 అనే గుర్తు దగ్గర, నిరోధక మొక్కలో వచ్చే ముక్క తొమ్మిది వందల పైచిలుకు అక్షరాల పొడవుంటుంది, సాంబ మసూరిలో వచ్చే ముక్క ఏడు వందల పైచిలుకు. ఈ ముక్కలను సముద్రపు నాచు నుంచి తీసిన అగరోజ్ పలక గుంతల్లో పోసి కరెంటు పెడతారు. డీఎన్‌ఏకు రుణావేశం ఉంటుంది కనుక ధన ధ్రువం వైపు కదులుతుంది, చిన్న ముక్క ముందు, పెద్దది వెనక. పలక మీద నడిచే ఒక నీలి గీత అందరి కంటికీ కనిపిస్తుంది. కొత్తగా చేరిన విద్యార్థులు కొందరు అదే డీఎన్‌ఏ అనుకుంటారు. అది బ్రోమోఫినాల్ బ్లూ, డీఎన్‌ఏకు అతుక్కోదు, పరుగు ఎంతదాకా వచ్చిందో చెప్పడానికి పక్కన నడుస్తుంది, అంతే. అసలు సాక్ష్యం ఆ పలకలో ఉన్నా ఇంకా కనిపించదు. ఎథీడియం బ్రోమైడ్ అనే రంగు పట్టిన పలకను చీకటి గదిలో అతినీలలోహిత దీపం మీద ఉంచి, ముఖానికి రక్షణ కవచం పెట్టుకుని చూస్తే, ఒక్కో గుంత కింద నారింజ రంగు పట్టీలు వెలుగుతాయి. పక్కన తెలిసిన కొలతల ముక్కలు నిచ్చెన మెట్లలా వెలుగుతుంటాయి. ఒకే పట్టీ పైనుంటే రెండు ప్రతులూ నిరోధకానివి, ఒకే పట్టీ కిందనుంటే రెండూ సాంబ మసూరివి, రెండు చోట్లా ఉంటే ఒక్కొక్క ప్రతి. ఆకు ఏ దశలోనూ చెప్పలేని మాట ఇది.

ఆ నారింజ వెలుగు ఎక్కడిదో తెలిస్తే దాని మాటను ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది. రంగు అణువు అతినీలలోహిత కాంతిని మింగి ఉత్తేజితమవుతుంది. మింగిన శక్తిలో కొంత వేడిగా జారిపోతుంది, మిగిలింది కొన్ని నానోసెకన్లలో కాంతిగా బయటికి వస్తుంది. శక్తి కొంత తగ్గింది కనుక వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం ఎక్కువ. మింగేది 300 నానోమీటర్ల దగ్గరి కంటికి కనిపించని కాంతి, వదిలేది 600 దగ్గరి నారింజ కాంతి. ఈ తేడాను 1852లో జార్జ్ స్టోక్స్ వివరించాడు. రెండు కాంతులూ వేరు కావడం వల్లనే మొదటిదాన్ని వడకట్టి రెండోదాన్ని మాత్రమే చూడటం సాధ్యమైంది. నల్లటి నేపథ్యం మీద వెలిగే చుక్కను చూడటం, తెల్లటి వెలుతురులో పలచని రంగును గుర్తుపట్టడం కన్నా ఎన్నో రెట్లు సులభం. కొద్ది నానోగ్రాముల డీఎన్‌ఏ కూడా దొరికిపోతుంది. ఎథీడియంకు ఇంకో గుణముంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా విలువైనది. నీళ్ళలో ఒంటరిగా ఉన్నప్పుడు అది పెద్దగా వెలగదు, ఎందుకంటే ఉత్తేజిత అణువు నుంచి ఒక ప్రోటాన్‌ను నీరు లాక్కుని, వెలగాల్సిన శక్తిని వృథా చేస్తుంది. డీఎన్‌ఏ మెట్ల మధ్య దూరి నీటికి చాటు దొరికినప్పుడు అదే అణువు దాదాపు 20 రెట్లు ప్రకాశిస్తుంది. కనుక పలకంతా రంగు నిండి ఉన్నా, డీఎన్‌ఏ ఉన్న చోటే వెలుగు. తాను ఏ అణువుతో చేరిందో దాన్ని బట్టి వెలుగు మారే గుణమే ఇలాంటి రంగులను సాక్షులుగా నిలబెట్టింది.

అయితే ఎథీడియంకు ఏ జన్యువు ఏదో తెలియదు. వరి డీఎన్‌ఏ అయినా, బ్యాక్టీరియాదైనా, పొరపాటున పడిన మనిషిదైనా ఒకేలా వెలిగిస్తుంది. జన్యువు చిరునామా చెప్పేది పీసీఆర్‌లో వాడే ప్రైమర్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, రంగు కాదు. చిరునామానూ వెలుగునూ ఒకే అణువులో కలపాలన్న ఆలోచన అంతకు చాలా ముందే పుట్టింది. 1941లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ న్యుమోనియా బ్యాక్టీరియాను పట్టుకునే ప్రతిరక్షకాలకు ఒక ప్రతిదీప్తి రంగును రసాయన బంధంతో అతికించాడు. ప్రతిరక్షకం తన బ్యాక్టీరియాను వెతుక్కుంటుంది, రంగు ఆ చోటును చూపిస్తుంది. మొదట వాడిన ఆంత్రసీన్ రంగు నీలంగా వెలిగింది. శరీర కణజాలం తనంతట తానే కొంత నీలంగా వెలుగుతుంది కనుక ఏది ఏదో తేలలేదు. వెంటనే ఆయన బృందం ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరసీన్‌కు మారింది. అది 1871లో అడాల్ఫ్ బేయర్ తయారుచేసిన పాత రంగే. ప్రోటీన్ల మీదుండే అమీన్ సమూహాలకు ఫ్లోరసీన్‌ను గట్టిగా కట్టే ఐసోథయోసయనేట్ రూపం 1950ల చివర్లో వచ్చింది, ఇప్పటికీ వాడుకలో ఉంది. 1986లో కాలిఫోర్నియాలో లీరాయ్ హుడ్, లాయిడ్ స్మిత్ బృందం డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాలకు నాలుగు వేర్వేరు రంగులు కట్టి, యంత్రమే చదివేలా చేసింది. వరి డీఎన్‌ఏ మొత్తాన్నీ చదవడం అలాంటి నాలుగు రంగులతోనే 2005లో పూర్తయింది. 12 క్రోమోజోముల్లో 11వ దానిలో ఒక భాగాన్ని చదివింది ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణం, భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ. ఎక్స్ఏ21 ఉన్నది ఆ క్రోమోజోము మీదే. దాన్ని అంతకు పదేళ్ళ ముందే, 1995లో, పమేలా రోనాల్డ్ బృందం విడదీసి చూపింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. ప్రతిదీప్తి రంగులు లేకున్నా డీఎన్‌ఏను చూడవచ్చు కదా? రేడియోధార్మిక భాస్వరంతో చూశారు, వెండి లవణాలతో ఇప్పటికీ చూస్తారు. నిజమే. పైన చెప్పిన ఎక్స్ఏ13కు గుర్తుగా వాడిన ఆర్‌జీ136, ఎక్స్ఏ5కు గుర్తుగా వాడిన ఆర్‌జీ556, రెండూ మొదట వరి జన్యుపటం తయారీలో రేడియోధార్మిక శకలాలుగా పుట్టినవే. అందువల్ల ప్రతిదీప్తి లేకపోతే ఈ జ్ఞానమే ఉండేది కాదన్న వాదన నేను చేయను, అది అబద్ధమవుతుంది. కానీ ఆ పద్ధతిలో ఒక్కో మొక్క నుంచి చాలా ఎక్కువ డీఎన్‌ఏ కావాలి. దాన్ని కోసి, పొర మీదికి ఎక్కించి, శకలంతో తడిపి, కడిగి, ఎక్స్‌రే ఫిల్ము మీద రోజుల తరబడి ఉంచాలి. భాస్వరం 32 అర్ధాయువు 14 రోజుల చిల్లర, కొన్న సరుకు చేతిలోనే తరిగిపోతుంది. దానికి వేరే గది, వేరే అనుమతులు, వేరే వ్యర్థాల ఏర్పాటు. ఒక ప్రశ్నకు జవాబు రాబట్టడానికి ఇది చాలు. నాలుగు తరాలు, ప్రతి తరంలో వందల మొక్కలు, ప్రతి మొక్కకు మూడు జన్యువుల గుర్తులతో పాటు మిగతా క్రోమోజోములను సరిచూసే గుర్తులు, ఇదంతా నాట్ల అదను దాటకముందే తేలాలంటే చాలదు. మొక్క పూతకొచ్చే లోపు ఏ మొక్కతో సంకరం చేయాలో తెలియకపోతే ఆ సీజను పోయినట్టే. ఆర్‌జీ136 లాంటి గుర్తులనే పీసీఆర్‌కు మార్చి, ఎంజైముతో కోసి, ఎథీడియం పలక మీద చదివే వీలు వచ్చాకనే ఆ పని మామూలు ప్రజనన కేంద్రాలకు అందుబాటులోకి వచ్చింది. వెండి పద్ధతి సున్నితమైనదే, చిన్న తేడాలను బాగా చూపుతుంది, కానీ కడగడాలు, స్థిరపరచడాలు ఎక్కువ. నా వాదన చవకకూ వేగానికీ సంబంధించినది. ప్రజననంలో ఆ రెండే చూపుకు ఉండవలసిన గుణాలు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. వెలిగిన పట్టీ జన్యువు కాదు. ఆర్‌జీ556 ఎక్స్ఏ5కు దగ్గరలో ఉన్న గుర్తు మాత్రమే. బీజకణాలు ఏర్పడేటప్పుడు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. అప్పుడు గుర్తు ఒక మొక్కకు, జన్యువు మరో మొక్కకు చేరవచ్చు. పట్టీ ఉండి జన్యువు లేకపోవడం సాధ్యమే. ఇంకా మామూలు కారణాలూ ఉన్నాయి. గొట్టం మారిపోవచ్చు, పక్క నమూనా నుంచి డీఎన్‌ఏ చిందవచ్చు, పీసీఆర్ విఫలమై పట్టీ రాకపోవచ్చు. పట్టీ రాలేదంటే జన్యువు లేదని అర్థమా, ప్రయోగం పాడైందని అర్థమా? ఈ ప్రశ్నలకు జవాబు ప్రకాశంలో లేదు, పలక మీద పక్క గుంతల్లో ఉంది. ఒక గుంతలో ఎస్ఎస్ 1113, ఒక దాంట్లో సాంబ మసూరి, ఒక దాంట్లో డీఎన్‌ఏ లేని నీళ్ళు. మొదటి రెండూ సరైన చోట వెలగాలి, మూడోది చీకటిగా ఉండాలి. ఇవి లేని బొమ్మ ఎంత అందంగా వెలిగినా సాక్ష్యం కాదు, దాన్ని చూసి మొక్కను ఏరడం తప్పు. ఆ తర్వాత, మూడు జన్యువులూ కుదిరాయని రంగు చెప్పిన వరుసలను ఆ శాస్త్రజ్ఞులు మళ్ళీ పాత కత్తెర పరీక్షకే పెట్టారు, వేర్వేరు చోట్ల పొలాల్లో వేసి దిగుబడీ, గింజా, వంట గుణమూ చూశారు. రెండు, మూడు జన్యువులు కుదిరిన వరుసలు తెగులును గట్టిగా తట్టుకున్నాయి. తెగులు ఉన్న చోట మూడు జన్యువుల వరుసలు సాంబ మసూరిని మించి పండాయి. గింజ గుణం చెడలేదు. రంగు ముందు చెప్పినదాన్ని పొలం తర్వాత ధ్రువీకరించింది. తరువాతి సంవత్సరాల్లో పక్క గుర్తుల బదులు జన్యువులో ఉన్న అసలు మార్పునే పట్టే గుర్తులు ఎక్స్ఏ13కూ, ఎక్స్ఏ5కూ తయారయ్యాయి. గుర్తు జారిపోతుందన్న భయానికి అదీ పరిష్కారం.

రంగు అతికిస్తే అణువు స్వభావమే మారదా అని అడిగేవారూ ఉంటారు. పలక మీద చదివే డీఎన్‌ఏకు ఆ ప్రశ్న అంతగా వర్తించదు, ఎందుకంటే అది ఇక ఏ పనీ చేయక్కర్లేదు. బతికున్న కణంలో పనిచేస్తున్న ప్రోటీనుకు మాత్రం ఇది అసలైన చిక్కు. పెద్ద రంగు తగిలిస్తే ప్రోటీను మడత చెడవచ్చు, పోవలసిన చోటికి పోకపోవచ్చు. వరి ఆకు విషయంలో ఇంకో ఇబ్బంది, అందులోని పత్రహరితం తనే ఎర్రగా వెలుగుతుంది, కూన్స్ ఎదుర్కొన్న నీలి ఇబ్బంది లాగే. అందుకే రంగు తగిలించని ఆకును పక్కన పెట్టి పోల్చకుండా ఏ నిర్ణయమూ చేయరు. ఈ చిక్కులన్నీ దాటి వచ్చిన ఒక ఫలితం మన కథకు నేరుగా తగులుతుంది. ఎక్స్ఏ13 ఎలా కాపాడుతుందో చాలాకాలం తెలియలేదు. ఆ జన్యువు మామూలు రూపం కణం నుంచి చక్కెరను బయటికి పంపే స్వీట్ కుటుంబపు ప్రోటీను తయారుచేస్తుంది. బ్యాక్టీరియా తన ప్రోటీనొకటి మొక్క కణంలోకి పంపి, ఆ జన్యువును బలవంతంగా పనిచేయిస్తుంది. ఎక్స్ఏ13 రూపంలో ఆ జన్యువును నడిపే మీట దగ్గర డీఎన్‌ఏ మారి ఉంటుంది, బ్యాక్టీరియా ప్రోటీనుకు పట్టు దొరకదు. స్వీట్ ప్రోటీన్లు చక్కెర రవాణా చేస్తాయని 2010లో వోల్ఫ్ ఫ్రామర్ బృందం తేల్చింది. అందుకు వాడింది ప్రతిదీప్తి ప్రోటీన్ల జంట. ఒకటి నీలి ఛాయలో, మరొకటి పసుపు ఛాయలో వెలుగుతుంది, మధ్యలో గ్లూకోజును పట్టే ప్రోటీను. గ్లూకోజు చేరగానే మధ్యది ఆకారం మారుస్తుంది, రెండు ఛాయల నిష్పత్తి మారుతుంది, కణం బతికుండగానే చక్కెర రాకపోకలు కళ్ళ ముందు నడుస్తాయి. జెల్లీచేప నుంచి వచ్చిన ఆకుపచ్చ ప్రోటీను వంశమే ఇవీ. దాన్ని 1962లో షిమోమురా వేరుచేశాడు, 2008లో ఆయనతో పాటు చాల్ఫీ, సియన్‌లకు నోబెల్ వచ్చింది. ఎక్స్ఏ13 ఎక్కడుందో చెప్పడంతో మొదలైన వెలుగు, అది తెగులును ఎలా ఆపుతుందో వివరించేదాకా వచ్చింది. ఆపడం అంటే ఆకలి పెట్టడం, బ్యాక్టీరియాకు అందవలసిన చక్కెర అందకుండా చేయడం.

మూడో అభ్యంతరం రైతులదీ తినేవాళ్ళదీ, దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు ఏ శాస్త్ర రచయితకూ లేదు. డీఎన్‌ఏ మెట్ల మధ్య దూరే రసాయనం అంటే అది జన్యువులకు హాని చేయగలదు. ఎథీడియం అందుకే అనుమానించవలసిన పదార్థం. దాన్ని వెలిగించే గుణమూ, దాన్ని ప్రమాదకరం చేసే గుణమూ ఒకటే. చేతులకు తొడుగులు, వేరే బల్ల, బొగ్గుతో శుద్ధిచేసిన వ్యర్థ జలాలు, ఇవన్నీ తప్పనిసరి. హాని తక్కువని చెప్పే కొత్త రంగులు వచ్చాయి, చాలా ప్రయోగశాలలు వాటికి మారాయి, మారడం మంచిదే. కానీ రంగు ఆ పలక దాటి ఎక్కడికీ పోదు. పరీక్షకు తుంచిన ఆకు ముక్క ప్రయోగశాలలో ముగిసిపోతుంది, విత్తనమిచ్చే మొక్కకు రంగు తాకదు. ఇంకో గందరగోళం ఇంతకన్నా లోతుగా పాతుకుంది, జన్యువు మాట వినగానే జన్యుమార్పిడి పంట అనుకోవడం. సింధనూరు ఉన్న రాయచూరు జిల్లాలో ఆ మాటకు గతముంది. 1998 నవంబరులో నంజుండస్వామి నాయకత్వంలోని కర్ణాటక రాజ్య రైతు సంఘం జన్యుమార్పిడి పత్తి ప్రయోగ పంటను ఈ జిల్లాలోనే పీకి తగలబెట్టింది. ఆ ఉద్యమంతో ఏకీభవించినా, లేకున్నా, ఒక తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలోని మూడు జన్యువులూ వరి నుంచి వరికి పుప్పొడి ద్వారానే వచ్చాయి. ప్రయోగశాలలో ఏ జన్యువునూ చొప్పించలేదు. ప్రయోగశాల చేసింది చదవడం. ఆ చదువుకు రంగు కావలసి వచ్చింది.

ఇప్పుడు పెద్ద ప్రజనన కార్యక్రమాలు పలకల నుంచి కూడా ముందుకు జరుగుతున్నాయి. కాస్ప్ అనే పద్ధతిలో ఒక అక్షరం తేడా ఉన్న చోట ఒక అక్షరానికి ఒక రంగు, దాని బదులు వచ్చే అక్షరానికి మరో రంగు వెలిగేలా ముందే కట్టి ఉంచుతారు. 96 గుంతలున్న పళ్ళెంలో 96 నమూనాలు ఒకేసారి, పలక మీద కరెంటు పెట్టే పని లేకుండా చదువుతారు. గీసిన పటంలో నిరోధక మొక్కలు ఒక మూల, సాంబ మసూరి లాంటివి ఇంకో మూల, ఒక్కొక్క ప్రతి ఉన్నవి ఆ రెంటి మధ్య గుంపుగా కూడతాయి. ఇంత చేసినా రంగుకు అందని విషయం ఒకటుంది. అది ఇవాళ మొక్కలో ఉన్నదాన్ని చెబుతుంది, రేపు చేలోకి వచ్చే బ్యాక్టీరియా ఏ తీరుదో చెప్పదు. శాంథోమోనాస్‌లో ఎన్నో తీరులున్నాయి, ఎక్స్ఏ21 ఒక్కదాన్నీ దాటగలవి వాటిలో కొన్ని ఉన్నాయి. మూడు జన్యువులను ఒకచోట పేర్చింది సరిగ్గా ఆ భయంతోనే, ఒకదాన్ని దాటిన బ్యాక్టీరియాను మిగతావి ఆపాలని. సింధనూరు, గంగావతి, సిరుగుప్ప, మాన్వి చేలలో తెగులు కనిపించినప్పుడల్లా ఆకులు సేకరించి, అందులోని బ్యాక్టీరియా ఏ తీరుదో పరీక్షిస్తూ ఉంటేనే ఏ జన్యువుకు పట్టు తగ్గుతోందో ముందుగా తెలుస్తుంది. తగ్గిందని తేలితే కొత్త జన్యువుతో మళ్ళీ సంకరాలు మొదలవుతాయి, అప్పుడూ ఆకు మీద కనిపించని జన్యువున్న మొక్కను వెతకవలసిందే.